ఒక్కసారికి ఒక్క పళ్ళెం

సామాన్లు పంచుకున్నప్పుడు
కళాయి ఆవిడకి వెళ్ళింది.
రోలు కూడా. గరిటెలు, జల్లెడ, లోతు మూకుడు
నేనే అట్టపెట్టెలో సర్ది టేపు వేసి ఇచ్చాను.
నాకు మిగిలింది అట్ల పెనం,
నూనె తాగి తాగి నల్లబడ్డది.
దానికి చెవుల్లేవు, అంచుల్లేవు.

బల్లరాట్‌లో జూలై.
నాలుగింటికే ఎండ డ్యూటీ దిగిపోతుంది.
బుధవారం బుధవారం సరస్సు అవతల నుంచి
ఇందుజ వస్తుంది, బడి సంచీతో, చెవుల్లో తీగల్తో.
ఏం తింటావంటే భుజాలెగరేసేది.
ఒక వారం మాత్రం
ఫోన్లోంచి తలెత్తకుండానే
"పాడ్ థాయ్" అంది.
అడిగిందే చాలు,
పులిపాలైనా పితికేవాణ్ణి.

మొదటి బుధవారం
బియ్యం నూడుల్స్‌ని సేమియా అనుకుని ఉడికించాను.
అట్లకాడ నిలబెడితే నిలబడింది.
ఇద్దరం బ్రెడ్డు కాల్చుకు తిన్నాం.

రెండో బుధవారం
మంట పెంచి (మంటేది, కరెంటు చుట్ట)
అన్నీ ఒకేసారి పోశాను.
పెనం మీద సగం, పొయ్యి మీద సగం.
స్మోక్ అలారం గగ్గోలు పెడితే
ఇందుజ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరింది.
నవ్వినట్టే అనిపించింది.
పొగలో సరిగా కనపళ్ళేదు.

బట్టలుతికే దుకాణంలో ఆమె పేరు ఓయ్.
పిలిచినప్పుడల్లా మర్యాద తప్పినట్టుంటుంది నాకు.
వాళ్ళ భాషలో చెరుకు అని అర్థమట,
మనిషి మాత్రం మిరియం.
నా దుప్పటి మడత పెడుతూ చెప్పింది:
"వోక్ లేకపోతే ఏం? మా అమ్మ రేకు మూత మీద చేసేది.
చన్నీళ్ళలో నానెయ్యి, ముప్పావు గంట.
వేలికి చుడితే చుట్టుకోవాలి,
కొరికితే ఎదురు చెప్పాలి.
మిగతాది పెనం చూసుకుంటుంది.
ఇంకొకటి. ఒక్కసారికి ఒక్క పళ్ళెం.
ఇద్దరికీ కలిపి చేశావా, ఇద్దరికీ ముద్దే."
చింతపండు గురించి కూడా మొదలుపెట్టబోతే
అదొక్కటి నాకొదిలెయ్యమ్మా అన్నాను.

మొలకలు కొట్లో లేవు.
పెసలు తడిగుడ్డలో మూటకట్టి
హీటర్ పక్కన పెడితే
మూడో రోజుకి తోకలొచ్చాయి.

మూడో బుధవారం.
చింతపండు పిసికి, బెల్లం కరిగించి,
చేప సాసు ముక్కు పక్కకి తిప్పి కొలిచి,
పల్లీలు స్టీలు గ్లాసు అడుగుతో నలగ్గొట్టాను.
పట్టకారు లేదు, రెండు ఫోర్కులు.
పెనానికి అంచు లేదు కనక
ఇందుజ చపాతీ కర్ర అడ్డం పెట్టి నిలబడింది,
తెగబోయే గట్టుకి కాలు అడ్డం పెట్టినట్టు.
"నాన్నా, గుడ్డు ఇటు పోతోంది."
"నాన్నా, ఈ పక్క. నాన్నా, అంటుకుంది."
ఒకే పూటలో అన్ని నాన్నలు విని చాన్నాళ్ళయింది.

మొదటి పళ్ళెం తనది.
వేడిగా తినమన్నాను.
నిమ్మచెక్క పిండుకుంది, ఫోర్కు పక్కన పెట్టింది,
మళ్ళీ వచ్చి కర్ర పట్టుకుంది.
"చల్లారిపోతుందే" అంటే
"చల్లారనీ. నీది కానీ" అంది.

రెండూ బల్ల మీదకొచ్చేసరికి
ఒకటి చల్లగా, ఒకటి మాడి.
"పులుపెక్కువైంది" అంది, "అమ్మ చారులా."
ఆ మాట మీద
కాసేపు ఇద్దరం పల్లీలు నమిలాం.

ఏడున్నరకి బయట కారు హారను.
వెళ్తూ వెళ్తూ
చపాతీ కర్ర కడిగి పెట్టింది.

పెనాన్ని సబ్బుతో తోమకూడదు, తెలుసుగా,
గుడ్డతో తుడిచి ఊరుకున్నాను.
గురువారం పొద్దున అట్టు పోస్తే
చేప వాసన.
రెండో అట్టుకీ ఉంది.
మూడోదానికి పోతుందేమోనని
పిండి గిన్నె మీద
మూత పెట్టేశాను.